డాక్టరు గారి కొక్కెం

ఇప్పుడు నా చేతిలో ఒక నల్ల గుబ్బ ఉంది. రేడియో కదా, మీకు కనపడదు. పెద్ద రేగుపండంత ఉంటుందనుకోండి. దీన్ని బొటనవేలితో ఓ అర నిమిషం గట్టిగా రుద్దాలి. వేలు చురుక్కుమనగానే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. పాత ఆసుపత్రి వరండాలో వచ్చే కార్బాలిక్ వాసన సన్నగా తగిలిందా, అది బేక్‌లైటు. తగల్లేదా, ఆ తరవాతి కాలం ప్లాస్టిక్కు. లియో బేక్‌లాండ్ అనే ఆయన 1907లో ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి చేసిన పదార్థం ఇది. మన తాతల నాటి కరెంటు స్విచ్చులు, నల్ల టెలిఫోన్లు, ఎన్నో రేడియో పెట్టెలు దీంతో చేసినవే. ఎన్నేళ్లు గడిచినా వేడి తగిలితే చాలు, లోపలి ఫినాల్ నేనున్నానంటుంది.

ఈ గుబ్బ మోరిస్ మైనర్ కారులో చోక్ లాగడానికి పట్టుకునేది. దీని కోసం ఎనిమిది నెలలు తిరిగాను. బజారుకెళితే నల్ల ప్లాస్టిక్ గుబ్బ ఏ విడిభాగాల కొట్లోనైనా ఇస్తారు. పెడితే పడుతుంది, లాగితే వస్తుంది. "మరెందుకండీ ఈ తిరుగుడు?" అంది మా ఆవిడ. అప్పుడు ఆవిడకి సరైన జవాబు చెప్పలేకపోయాను. అదేదో మీకు చెబుతూ చెబుతూ నేను కూడా తేల్చుకుందామని ఇవాళ మైకు ముందుకొచ్చాను.

ముందు కారు సంగతి. తెనాలి పక్క పల్లెలో ప్రాక్టీసు చేసిన ఒక డాక్టరు గారిదా బండి. 1952 రిజిస్ట్రేషను. ఆయన కాలం చేశాక దాన్ని ధాన్యం కొట్లోకి నెట్టేశారు. నేను మొదటిసారి తలుపు తీసేసరికి వెనక సీట్లో కోడి పొదుగుతోంది. నన్నో చూపు చూసి, లెక్కచెయ్యకుండా కూర్చుంది. "పిల్లలు బయటికొచ్చేదాకా ఆగండి బాబూ" అన్నారు ఆ ఇంటివాళ్లు. ఆగాను. పదిహేను రోజుల తరవాత లారీ మీద వేసుకుని విజయవాడ తెచ్చుకున్నాను.

మోరిస్ మైనర్ లండన్ మోటారు ప్రదర్శనలో 1948 అక్టోబరులో తొలిసారి జనానికి కనపడింది. మా విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది అదే ఏడు డిసెంబరు 1న. ఇద్దరిదీ ఒకటే ఈడు. కారుకు రూపకల్పన చేసినాయన పేరు అలెక్ ఇసిగోనిస్. నమూనా తయారయ్యాక ఆయనకది సన్నగా పీలగా తోచింది. దాన్ని నిలువునా రెండుగా కోయించి, ముక్కలు రెండూ ఎడంగా జరిపించి చూసుకుని, నాలుగంగుళాలు వెడల్పు చేయించాడు. ఆ నాలుగంగుళాల పట్టీ బానెట్ మధ్యలో ఇప్పటికీ కనిపిస్తుంది. నేను చెప్పబోయేది కారు లోపలి సంగతులు, ఇది బయటిదే అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఈ మైనర్‌నే కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో బిగించి, బేబీ హిందుస్థాన్ అని అమ్మారు. మా డాక్టరు గారిది అలాంటిదే. ఊళ్లో మాత్రం ఎవరూ బేబీ అనలేదు. అందరికీ అది 'మోరీసు కారే'.

ఇంజను పని, టింకరింగు, పెయింటింగు గురించి మిమ్మల్ని విసిగించను. 1966 నుంచి ఉన్న మా ఆటోనగర్లో ఆ పనులకు మనుషుల కొరత లేదు. తుప్పు పట్టిన నేల రేకు కోసేసి కొత్త రేకు అతికేవాళ్లున్నారు. చెవిపెట్టి వింటే ఏ వాల్వు అల్లరి చేస్తోందో చెప్పేవాళ్లున్నారు. చిక్కంతా తలుపు తీసి లోపల కూర్చున్నాక మొదలవుతుంది. బయటి రూపానికి ఫొటోలుంటాయి, పోల్చి చూసుకోవచ్చు. లోపలి గుబ్బల్నీ కుట్లనీ మరమేకుల్నీ ఎవరు ఫొటో తీశారు? పెళ్లిఫొటోల్లో కారు పక్కన పెళ్లికొడుకుంటాడు గాని, తలుపు లోపలి అట్ట ఎవరికి కావాలి?

ప్రభుత్వానిక్కూడా అక్కర్లేదు. 2021లో కేంద్రం పాత బండ్ల రిజిస్ట్రేషనుకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనై యాభై ఏళ్లు దాటిన సొంత వాహనం వింటేజి కిందికొస్తుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తరవాత 'వీఏ' అని ఉంటుంది. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదంటుంది ఆ నిబంధన. సీటు కుట్టు ఊసే లేదు. అంటే లోపల మీరేం చేశారన్నది మీకూ మీ మనస్సాక్షికీ మధ్య వ్యవహారం.

నా మొదటి తప్పు ఆ సీట్ల దగ్గరే జరిగింది. కోడి పుణ్యమా అని లోపలంతా కంపు. తెచ్చిన వారంలోనే సీటు కవర్లు చింపించి చెత్తబండిలో వేయించాను. పైన ఆకుపచ్చ ప్లాస్టిక్కు కవరు, దాని కింద గోధుమరంగు రెక్సిను. "ఈ కుళ్లు మనకెందుకు, కొత్తవి కుట్టించుకుందాం" అనుకున్నాను. ఆ రెక్సిను మీద కుట్టు గీతలు ఎంత ఎడంగా ఉన్నాయో కొలవలేదు. ఒక్క ఫొటో అయినా తియ్యలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.

రెక్సిను అన్నాను కాబట్టి ఒక ముక్క. మనకది జాతి పేరు. రెక్సిను సంచి, రెక్సిను సీటు, బస్సు సీటు చింపితే రెక్సిను చింపాడంటాం. అసలది ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. గుడ్డ మీద నైట్రోసెల్యులోజు పూత పూసి, తోలులా గీతలు అచ్చొత్తేవాళ్లు. ఇప్పుడు మన బజార్లో రెక్సిను పేరుతో అమ్మేది పీవీసీ. చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది. పాతదానికి మెరుపు తక్కువ, కాస్త బిరుసు. కొత్తది నూనె రాసినట్టు జారిపోతుంది.

సీట్లు కుట్టే మేస్త్రి మంచి పనివాడు. ముప్పై ఏళ్లుగా లారీల దగ్గర్నుంచి పెళ్లి బస్సుల దాకా కుట్టిన చెయ్యి. వస్తూనే తనకు తోచింది చెప్పాడు.

"సార్, డైమండ్ కుట్టు కొడదాం. లోపల ఫోము, గళ్లు గళ్లుగా ఉబ్బుతుంది. చూసినోళ్లు అదిరిపోవాలి."

"వద్దు మేస్త్రీ. అప్పట్లో ఎలా ఉందో అలాగే కుట్టు."

"అప్పట్లో ఎలా ఉందో చూపించండి మరి."

చూపించడానికి నా దగ్గరేముంది? చెత్తబండిలో వేసింది నేనే కదా! నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, ఒట్టి సీటు ఫ్రేము తిరగేసి, కింది అంచు వెంబడి వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. కవరు చింపేటప్పుడు మావాళ్లు పైపైన చింపారు. ఇనుప క్లిప్పుల కింద మడత పెట్టిన అంచులు అలాగే ఉండిపోయాయి. శ్రావణంతో ఒక క్లిప్పు విప్పాడు. పైన ఆకుపచ్చ, కింద గోధుమ. ఆ గోధుమరంగు మడత ఎత్తితే దాని కింద ఇంకో రంగు! రెండు వేళ్ల వెడల్పు పేలిక. మెరూన్, ఎండ తగలకుండా ఉన్న చిక్కటి మెరూన్. మేము అసలుదనుకున్న గోధుమరంగు అసలుదే కాదు.

ఇంకా ఉంది. ఆ మెరూన్ మడతకూ గోధుమ మడతకూ మధ్య ఇరుక్కున్న బిళ్ల ఒకటి ఠంగుమని కింద పడింది. పువ్వు రేకుల్లాంటి అంచు ఉన్న రెండు నయాపైసలు, 1959వి. మేస్త్రి దాన్ని చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టాడు. నయాపైసలు మనకు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. బిళ్ల 1959లో ముద్రించింది. గోధుమ కవరు కింద దొరికింది. కాబట్టి ఆ గోధుమ కవరు కుట్టించింది 1959కి ముందు కాదు. కారు కొన్న ఏడెనిమిదేళ్లకు ఒకసారి సీట్లు చిరిగి, ఎవరో మళ్లీ కుట్టారన్నమాట. అమరావతిలో తవ్వకాలు చేసేవాళ్లకి మట్టి పొరల మధ్య నాణెం దొరికితే ఎలా ఉంటుందో ఆ పూట నాకు అలా ఉంది. మేస్త్రి కూడా డైమండ్ కుట్టు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పేలికకున్న సూది బెజ్జాలు భూతద్దంతో చూసి, వాటి మధ్య ఎడం స్కేలుతో కొలుచుకుని, నిలువు గీతల లెక్క తనే తేల్చాడు.

తలుపుల దగ్గర ఇంకో పాఠం. తలుపు లోపలి వైపు రెక్సిను తొడిగిన అట్ట ఉంటుంది. మన వానలకు ఆ అట్ట ఉబ్బి అప్పడంలా వంకర పోతుంది. ఇంగ్లండులో మోరిస్ మైనర్‌కు ఇప్పటికీ కొత్త అట్టలు, కార్పెట్లు, సీటు కవర్లు సెట్లుగా దొరుకుతాయి. డబ్బు కడితే పార్సిలొస్తుంది. అలాంటి సెట్టొకటి తెప్పించుకుందామని దాదాపు నిశ్చయించుకున్నాను. ఆఖరి నిమిషంలో పాత అట్ట ఒకటి వెనక్కి తిప్పి చూస్తే పెన్సిలుతో రాసిన అంకె కనపడింది. ఎనిమిది. ఎనిమిదేమిటో అర్థం కాలేదు. కలకత్తాలో ఉండే మిత్రుడికి ఫొటో పంపిస్తే, "ఎనిమిది కాదు, అది బెంగాలీ నాలుగు" అన్నాడు. బెంగాలీ నాలుగు మన కళ్లకు ఇంగ్లీషు ఎనిమిదిలాగే ఉంటుంది. నాలుగో అట్ట, నాలుగు తలుపుల్లో ఒకదానికి.

ఉత్తర్‌పాడాలో ఎవరో ఒకాయన, పేరు మనకు తెలీదు, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, అట్ట చేత్తో పట్టుకుని, ఇది నాలుగోది అని రాసుకున్నాడు. ఆ అట్టను ఇంగ్లండులో కోసి పంపారో, ఇక్కడే కోశారో గాని, తలుపుకు బిగించింది మాత్రం బెంగాలీ చెయ్యి. ఇంగ్లండు సెట్టు తెచ్చి పెట్టుంటే మోరిస్ మైనర్‌కు సరిపోయేదేమో గాని, ఈ మోరిస్ మైనర్‌కు కాదు. పార్సిలు మానుకున్నాను. అన్నట్టు ఆ సెట్ల జాబితాలో కారు లోపల వెచ్చదనానికి హీటరు కూడా ఉంది. మా బెజవాడ ఎండల్లో హీటరు!

బ్రిటన్‌లో గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి, మీ బండి ఎప్పుడు తయారైందో, మొదటి రంగేమిటో సర్టిఫికెట్టు రాసిస్తారు. అక్కడి వాళ్లకు అది వరం. విడిభాగాలుగా పెట్టెల్లో సముద్రం దాటొచ్చిన బండి కథ మాత్రం ఏ రికార్డైనా ఓడ ఎక్కేదాకానే చెప్పగలదు. ఆ తరవాతి కథ పెన్సిలు గీతల్లోనే వెతుక్కోవాలి.

డాష్‌బోర్డు దగ్గరికొద్దాం. స్టీరింగు వెనక వేగం చూపించే మీటరు స్థానంలో ఎవరో అంబాసిడర్ మీటరు ఇరికించారు. కిలోమీటర్లలో ఉంది. అంబాసిడర్ మీటరు మంచిదే, పని చేస్తుంది కూడా. కాని 1952 నాటి బండికి కిలోమీటర్లెక్కడివి? తూనికలు కొలతల చట్టం వచ్చిందే 1956లో. అప్పటిదాకా మనవి మైళ్లు, శేర్లు, మణుగులు. రోడ్డు పక్కన రాళ్ల మీద మైళ్లు, మీటరు మీద మైళ్లు. విజయవాడ నుంచి గుంటూరు ఇరవై మైళ్లని మా నాన్నగారు చివరిదాకా అన్నారు.

సరైన మీటరు కోసం వెతుకుతుంటే, సముద్రం అవతలి నుంచి అమ్మకానికి ఒక డాష్‌బోర్డు ఫొటో వచ్చింది. నిగనిగలాడుతోంది. మధ్యలో గుండ్రటి పెద్ద మీటరు, రెండు వైపులా సామాను అరలు. మోరిస్ మైనర్ లోపలి భాగం అనగానే ఎవరికైనా గుర్తొచ్చే బొమ్మ అదే. డబ్బు పంపించబోయి ఆగాను. మీటరు నడిమికొచ్చింది 1954 అక్టోబరులో. అంతకు ముందు బండ్లలో అది డ్రైవరు ఎదురుగా ఉండేది. మాదానికంటే రెండేళ్ల తరవాతి అందం అది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఒక మోడల్లో ఎక్కువ అమ్ముడైన ఏడాది ఏదో, దాని రూపమే మనసులో ముద్ర పడిపోతుంది. మిగతా ఏళ్ల బండ్లన్నిటికీ అదే రూపం తొడిగేస్తాం. సినిమావాళ్లు ఏ కాలం కథైనా ఒకే రకం రేడియో పెట్టె చూపించినట్టు.

లోపలి సామాను ఎందుకు మారుతుందన్నది దానికదే ఒక చరిత్ర. జాగ్వార్ ఇ-టైప్ అని పేరున్న కారు 1961లో వచ్చింది. తొలి రెండు మూడేళ్ల బండ్లలో డాష్‌బోర్డు నడిమి పలక చుక్కలు చెక్కిన అల్యూమినియం. ఆ తరవాత నల్ల తోలు రకం. స్విచ్చులు మొదట పైకీ కిందికీ వేసే చిన్న కడ్డీలు. 1968 జనవరి 1 నుంచి అమెరికా భద్రతా ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ప్రమాదం జరిగితే ఆ కడ్డీలు మొహానికో మోకాలికో గుచ్చుకుంటాయని, వాటి స్థానంలో బల్లపరుపు స్విచ్చులు పెట్టారు. కడ్డీలు అందంగా ఉన్నాయని 1969 బండికి పెడితే, ఆ బండి పుట్టుకకు కారణమైన చట్టాన్నే తుడిచేసినట్టు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1961 దాకా పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లే ఉండేది కాదు. బండి దగ్గుతుంటే కాలి దగ్గరున్న మరను తిప్పితే రిజర్వు పెట్రోలు వచ్చేది. అలాంటి బీటిల్‌కు పెట్రోలు ముల్లు బిగించడం సదుపాయమే. కాని ఆ కాలం మనిషి గుండె దడ ఆ బండిలో మిగలదు.

మోరిస్ మైనర్‌లోనే ఇంకో తమాషా. బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారు ఇది. ఆ సందర్భానికి గుర్తుగా లేత ఊదా రంగు వేసి, లోపల తెల్లటి సీట్లు, వాటికి నల్లటి అంచు కుట్టి, 350 బండ్లు విడిగా చేశారు. ఇప్పుడు ఎవరైనా మామూలు మైనర్‌కు ఊదా రంగు వేసి, 'నాదీ ఆ 350లోదే' అంటే? రంగు సులువు. లోపల కూర్చుని సీటు మడత విప్పితే తెలిసిపోతుంది.

నా రెండో తప్పు కూడా చెప్పేస్తాను. ఆ కాలం బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవాళ్లు. ఇప్పటి బండ్లకు నెగటివ్. నేనది తెలిసీ మర్చిపోయి, ఒక సాయంత్రం దార్లో పాటలు విందామని ఇప్పటి కారు స్టీరియో ఒకటి తాత్కాలికంగా కలిపాను. పాట రాలేదు, పొగ వచ్చింది. మొన్న కొన్న స్టీరియో నిన్నటి బూడిద అయింది. 1952 బండిలో ఉండదగిన రేడియో వాల్వుల రేడియో. వేడెక్కడానికి కొంత సేపు పడుతుంది, లోపల తుమ్మెదలా గీ అని రొద. మా బండిలో రేడియో పెట్టిన ఆనవాలేమీ లేదు. డాష్‌బోర్డుకు దానికి తగిన బెజ్జాలు లేవు, పైన ఏరియల్ గుర్తు లేదు. అందుకని నేనూ పెట్టలేదు. రేడియోలో మాట్లాడుతూ రేడియో పెట్టలేదని చెప్పడం కాస్త ఇబ్బందిగానే ఉంది, మన్నించాలి.

ఇలా ఒక్కొక్కటీ తేలుతూ వచ్చింది. మీటరు చెన్నైలో పాత సామాను కొట్లో దొరికింది, మైళ్లలోనే. అద్దం లోపల దుమ్ము తుడిచాం గాని అంకెలకు కొత్త రంగు వెయ్యనివ్వలేదు. మరమేకులు ప్లస్ గాడివి తీయించి, ఈ బండిలో మిగిలిన అసలు వాటిలాగా ఒంటి గాడివి వేయించాను. గుబ్బ చివరికి రాజమండ్రిలో ఒక పాత మెకానిక్కు గారి రేకు డబ్బాలో దొరికింది. ఆయన డబ్బు తీసుకోలేదు. "రుద్ది చూడు" అన్నారంతే. ఆ వాసన సంగతి నాకు నేర్పింది ఆయనే.

ఇక తేలకుండా మిగిలింది ఒక్కటి. డాష్‌బోర్డుకు కింద, ఎడమ వైపు, కూర్చున్నవాళ్ల మోకాలు దగ్గర రేకుకు రెండు బెజ్జాలు. వాటిలో బిగించిన ఇత్తడి కొక్కెం. చిలకకొయ్యలా పైకి వంగి ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఫొటోలోనూ లేదు. బెజ్జాలు చేత్తో పొడిచినవి, అంచులు గరుకు. టింకరింగు మేస్త్రి దాన్ని చూస్తూనే, "ఇది కంపెనీది కాదు సార్. తీసేసి, బెజ్జాలు బ్రేజింగు చేసి, రంగు కొట్టేస్తా. ఎవరికీ తెలీదు" అన్నాడు.

అతను చెప్పిందీ సబబే. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా చెయ్యాలన్నది నా మాటే కదా. బేక్‌లైటు గుబ్బకు ఎనిమిది నెలలు తిరిగినవాణ్ణి, ఈ కొక్కేన్ని ఏ మొహంతో ఉంచుకోను? కాని చెయ్యి రాలేదు. కట్టడాల పరిరక్షణకు 1964లో వెనిస్ నగరంలో రాసుకున్న ప్రకటన ఒకటుంది. గుళ్లకీ కోటలకీ ఉద్దేశించింది. పాత వాహనాల వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య ట్యూరిన్ పేరుతో తమకు తాము ఒక ప్రకటన రాసుకున్నప్పుడు దాన్నే ఒరవడిగా పెట్టుకుంది. ఆ వెనిస్ ప్రకటన సారంలో రెండు మాటలు నన్ను బాగా పట్టుకున్నాయి. ఊహ ఎక్కడ మొదలవుతుందో బాగుచేసే పని అక్కడ ఆగాలి, ఇది ఒకటి. ఒక కట్టడం మీద వేర్వేరు కాలాలు వేసిన ముద్రల్లో విలువైనవాటిని గౌరవించాలి, ఇది రెండోది. మొదటి మాట నా గుబ్బకు, మీటరుకు, మెరూన్ పేలికకు పనికొచ్చింది. రెండోది కొక్కేనికి పనికొస్తుందా? ఒక ఇత్తడి కొక్కేన్ని పట్టుకుని గుడి గోపురమంత మాటలు మాట్లాడటం నాకే నవ్వొచ్చింది.

డాక్టరు గారి అమ్మాయి ఉన్నారు. అమ్మాయంటే డెబ్బై ఎనిమిదేళ్లు. బండి దాదాపు పూర్తయ్యాక, ఒక ఆదివారం తెనాలి తీసుకెళ్లి చూపించాను. గుమ్మంలోనే నిలబడి చాలా సేపు చూశారు. మెరూన్ సీటు మీద చెయ్యి వేసి, "ఇదెలా తెలిసింది నీకు? గోధుమ రంగు వేయించాక మా అమ్మ నాన్నతో వారం మాట్లాడలేదబ్బాయ్. ఈ రంగంటే ఆవిడకి ప్రాణం" అన్నారు.

నేను కొక్కెం చూపించాను. "ఇదేమిటమ్మా? తీసెయ్యమంటున్నారు."

ఆవిడ నవ్వలేదు, కంటనీరూ పెట్టలేదు. పాత లెక్కల పుస్తకంలోంచి చదువుతున్నట్టు చెప్పారు. "నాన్న బ్యాగు. పురిటికి కబురొస్తే అర్ధరాత్రి పొలాల గట్ల మీద వెళ్లాలి. సీట్లో పెడితే గుంతల్లో దొర్లి సీసాలు పగిలేవి. ఒకసారి అయోడిన్ సీసా పగిలి సీటంతా మరక. అప్పుడే ఆ గోధుమ కవరు కుట్టించింది. మర్నాడు కంసాలి వీరయ్య కాదు... ఇంకెవరో, పేరు గుర్తు రావట్లేదు, కాకినాడ నుంచి తెచ్చుకున్న ఇత్తడి కడ్డీ వంచి, మేకుతో బెజ్జాలు పొడిచి బిగించాడు. తరవాత సీసా పగల్లేదు."

నయాపైసల బిళ్ల, గోధుమ కవరు, కొక్కెం, మూడూ ఒకే రాత్రి అయోడిన్ మరక దగ్గర కలుసుకున్నాయి. కొక్కెం తీయించలేదు. పాలిష్ కూడా పెట్టించలేదు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కాలం బండ్లకు మలుపు చూపించడానికి మిణుకు దీపాలు లేవు. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య స్తంభంలో చిన్న చెయ్యి దాగి ఉంటుంది. స్విచ్చు వేస్తే లోపలి తీగచుట్ట అయస్కాంతమై ఒక కడ్డీని లాగుతుంది. చెయ్యి పైకి లేచి అడ్డంగా నిలబడుతుంది, అందులో బల్బు వెలుగుతుంది. స్విచ్చు తీస్తే తన బరువుకే పడిపోతుంది. ఇంగ్లీషులో ట్రాఫికేటర్ అంటారు. ఈ రోజుల్లో దాన్ని చూసి వెనకవాడు ఆగడు కాబట్టి, బంపరు కింద విప్పి తీసెయ్యగలిగే చిన్న మిణుకు దీపాలు వేరే పెట్టించాను. బండికి ఒక్క బెజ్జమూ పెట్టకుండానే. చేతులు రెండూ విప్పి, శుభ్రం చేసి, చుక్క పల్చటి నూనె వేసి బిగించాం. కుడిది బాగానే లేస్తుంది. ఎడమది పది సార్లలో ఆరు సార్లు లేస్తుంది.

అమ్మగారిని ఊళ్లో ఒక చుట్టు తిప్పుదామని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాను. ముందు కూర్చోండమ్మా అన్నా ఒప్పుకోలేదు. "నా చోటు ఇదే" అని ఎడమ వైపు సర్దుకుని కూర్చున్నారు. రావిచెట్టు దగ్గర ఎడమకు తిరగాలి. స్విచ్చు వేశాను. టిక్కుమంది గాని చెయ్యి లేవలేదు. రెండోసారీ లేవలేదు. వెనక నుంచి స్తంభం మీద అరచేత్తో ఫట్‌మని ఒక దెబ్బ వినపడింది. చెయ్యి లేచి నిలబడింది.

అద్దంలో చూశాను. ఆవిడ కిటికీలోంచి రావిచెట్టు వైపు చూస్తున్నారు. "కుడిది నాన్న కొట్టేవారు. ఎడమది నా డ్యూటీ" అన్నారు.